బన్నుగాడి వ్యాక్సిన్ బుక్: ఒక్కో అక్షరం వెనక ఒక్కో చరిత్ర

ఈసారి రాజులు లేరు, యుద్ధాలు లేవు. నా చేతిలో ఒక చిన్న పుస్తకం ఉంది, అంతే. బ్యాంక్ పాస్‌బుక్ అంత ఉంటుంది. కవర్ మీద కుక్కపిల్ల బొమ్మ. లోపల మొదటి పేజీలో నా చేతిరాత. పేరు: బన్ను. వయసు: 7 వారాలు. రెండో పేజీలో ఒకే ఒక్క స్టిక్కర్. ఆ తర్వాత పేజీలన్నీ ఖాళీ.

అవి ఎందుకు ఖాళీగా ఉన్నాయో ముందు చెప్తాను. ఆ తర్వాత ఆ స్టిక్కర్ మీదున్న అక్షరాల చరిత్ర చెప్తాను. ఎందుకంటే ఆ అక్షరాలు అప్పుడే నాకు అర్థమై ఉంటే ఈ పుస్తకం నిండి ఉండేది.

బీటెక్ థర్డ్ ఇయర్‌లో ఉన్నప్పటి మాట. మా తెనాలి ఇంటికి ఒక బ్రౌన్ కలర్ కుక్కపిల్లని తెచ్చాను. ఏడు వారాలప్పుడు ఒక ఇంజెక్షన్ వేయించాను. డాక్టర్ గారు "మూడు వారాల తర్వాత మళ్లీ తీసుకురా బాబూ" అన్నారు. మూడు వారాలకి సెమిస్టర్ ఎగ్జామ్స్ వచ్చాయి. ఒకటి వేయించాం కదా, రెండోది పది రోజులు లేటైతే ఏమవుతుందిలే అనుకున్నాను.

ఒక రోజు పొద్దున బన్నుగాడు పాలు ముట్టలేదు. మధ్యాహ్నం రెండుసార్లు నురగ కక్కాడు. అమ్మ "నిన్న చేప ముక్క పెట్టాం కదరా, అరిగుండదు" అంది. మజ్జిగ పట్టాం. పక్కింటి పిన్నిగారు చెప్తే పంచదార నీళ్లు పట్టాం. రెండో రోజు కూడా అంతే. మూడో రోజు తెల్లవారుజామున వరండా అంతా రక్తం కలిసిన విరేచనం. ఆ వాసన ఒకసారి పీల్చినవాళ్లు మర్చిపోలేరు.

డాక్టర్ గారు చూడగానే అడిగింది ఒకటే. "వాంతులు ఎప్పట్నుంచి బాబూ?"

"మొన్న పొద్దున్నుంచి సార్."

ఆయన ఇంకేం అనలేదు. సెలైన్ పెట్టారు. సాయంత్రానికి బన్నుగాడు లేడు.

నేను తర్వాత సాఫ్ట్‌వేర్ జాబ్‌లో చేరాను. అక్కడ ఒక పద్ధతి ఉంటుంది. సర్వర్ పడిపోతే, గొడవంతా సద్దుమణిగాక ఒక డాక్యుమెంట్ రాస్తాం. ఏ టైమ్‌కి ఏం జరిగింది, ఎక్కడ గమనించలేదు, అసలు కారణం ఏంటి అని. దాన్ని పోస్ట్‌మార్టమ్ అంటాం. ఈ ఎపిసోడ్ బన్నుగాడికి నేను ఆలస్యంగా రాస్తున్న పోస్ట్‌మార్టమ్ అనుకోండి.

స్టిక్కర్ మీద ఏముంది?

స్టిక్కర్ మీద వరసగా ఇలా ఉంటుంది: డీ, హెచ్, పీ, పీఐ, ప్లస్ ఎల్. డీ అంటే డిస్టెంపర్. హెచ్ అంటే హెపటైటిస్. పీ అంటే పార్వో. పీఐ అంటే పారాఇన్‌ఫ్లూయెంజా, కుక్కలకి వచ్చే దగ్గు జబ్బుల్లో ఒకటి. ఎల్ అంటే లెప్టోస్పైరోసిస్. పక్క పేజీలో ఆర్ ఉంటుంది, రేబీస్. షాపుల్లో సెవెన్ ఇన్ వన్, నైన్ ఇన్ వన్ అని అడుగుతుంటారే, అవి ఈ అక్షరాల కలగలుపే.

ఇవన్నీ ఒకేసారి పుట్టలేదు. మొదటి అక్షరానికే ఇరవయ్యో శతాబ్దం దాకా ఆగాల్సొచ్చింది.

డీ: పత్రిక పాఠకులు చందాలేసుకున్న జబ్బు

మశూచికి టీకా కనిపెట్టిన ఎడ్వర్డ్ జెన్నర్ పేరు అందరూ స్కూల్లో చదివారు. ఆయన 1809లో కుక్కల జబ్బు మీద కూడా ఒక వ్యాసం చదివాడని మాత్రం మనకి ఎవరూ చెప్పరు. ఆ జబ్బే డిస్టెంపర్. అప్పటికి యూరప్ అంతా వేట కుక్కలు గుంపులు గుంపులుగా చచ్చిపోతున్నాయి. కళ్ల నుంచి, ముక్కు నుంచి చీము లాంటి స్రావం, దగ్గు, తర్వాత వణుకు, ఫిట్స్. లక్షణాలు కళ్ల ముందే ఉన్నాయి, కారణం మాత్రం ఎవరికీ అంతుపట్టలేదు.

1905లో హెన్రీ కార్రే అనే ఫ్రెంచ్ పశువైద్యుడు జబ్బు కుక్క ముక్కు స్రావాన్ని బ్యాక్టీరియా కూడా దూరలేనంత సన్నటి ఫిల్టర్‌లో వడగట్టాడు. ఆ వడగట్టిన ద్రవం ఎక్కించినా కుక్కలకి జబ్బు వచ్చింది. అంటే బ్యాక్టీరియా కంటే చిన్నదేదో ఉంది, వైరస్ అన్నమాట. కానీ చాలామంది నమ్మలేదు. చచ్చిన కుక్కల ఊపిరితిత్తుల్లో బ్యాక్టీరియా కనిపిస్తోంది కదా, అదే కారణమని వాదించారు. నిజానికి ఆ బ్యాక్టీరియా, వైరస్ దెబ్బకి శరీరం నీరసించాక లోపల చేరింది. తలుపు పగలగొట్టింది ఒకడైతే దొరికింది ఇంకొకడు. ఈ గొడవ దాదాపు ఇరవై ఏళ్లు నడిచింది.

దీన్ని తేల్చింది ప్రభుత్వం కాదు, ఒక పత్రిక. ఇంగ్లండ్‌లో 'ది ఫీల్డ్' అని వేట, పల్లె జీవితాల గురించి రాసే పత్రిక ఉంది. దాని పాఠకుల్లో చాలామంది ఇళ్లల్లో కుక్కలు పోయాయి. 1923లో ఆ పత్రిక డిస్టెంపర్ పరిశోధన కోసం ఒక నిధి మొదలుపెట్టింది, చందాలు వచ్చాయి. ఇవాళ మనం ఫోన్‌లో క్రౌడ్ ఫండింగ్ అంటున్నది అదే.

ఆ డబ్బుతో లండన్ శివారు మిల్ హిల్‌లో పాట్రిక్ లైడ్‌లా, జార్జ్ డంకిన్ అనే ఇద్దరు పని మొదలుపెట్టారు. వాళ్లకొచ్చిన మొదటి చిక్కు, జబ్బు అసలు తగలని కుక్క దొరకడం. బయట దొరికే కుక్కల్లో ఏది ఇప్పటికే జబ్బు పడి లేచిందో తెలీదు. అందుకే బయటి కుక్కల గాలి కూడా సోకకుండా వేరుగా కట్టిన చోట కుక్కల్ని పెంచారు. రెండో సాయం ఫెర్రెట్ల నుంచి వచ్చింది. ఫెర్రెట్ అంటే చూడ్డానికి మన ముంగిసలా పొడుగ్గా, సన్నగా ఉండే జంతువు. డిస్టెంపర్ ఫెర్రెట్లకి చాలా గట్టిగా తగులుతుంది. కాబట్టి ప్రయోగాలకి అవి పనికొచ్చాయి. కార్రే చెప్పిందే కరెక్ట్, ఇది వైరస్సే అని వాళ్లు 1926లో తేల్చేశారు. 1920ల చివరికల్లా టీకా కూడా తయారైంది.

ఇక్కడ నాకు బాగా నచ్చిన మలుపు ఉంది. 1933లో లండన్‌లో ఫ్లూ జ్వరాలు వచ్చాయి. మనుషుల ఫ్లూకి కారణం ఏంటో అప్పటికి రుజువు కాలేదు. అదే మిల్ హిల్‌లో విల్సన్ స్మిత్, క్రిస్టఫర్ ఆండ్రూస్, లైడ్‌లా కలిసి, జబ్బుపడ్డ మనుషుల గొంతు పుక్కిలించిన నీళ్లని ఫెర్రెట్ల ముక్కుల్లో వేశారు. ఫెర్రెట్లు తుమ్మడం మొదలుపెట్టాయి. మనిషి ఫ్లూ వైరస్ అలా మొదటిసారి చేతికి చిక్కింది. తర్వాత ఒక ఫెర్రెట్ ఆ ల్యాబ్‌లోని స్టువర్ట్ హ్యారిస్ అనే డాక్టర్ ముఖం మీద తుమ్మితే, ఆయనకి ఫ్లూ వచ్చేసింది. దాని మీద 1936లో పేపర్ కూడా రాశారు!

ఆ ల్యాబ్‌లో ఫెర్రెట్లు ఉన్నదే కుక్కల జబ్బు కోసం. ఒక పత్రిక పాఠకులు తమ కుక్కల మీద ప్రేమతో ఇచ్చిన చందా, మనుషుల ఫ్లూ టీకాకి దారి వేసింది.

డిస్టెంపర్ ఇప్పటికీ పోలేదు. 1994లో టాంజానియాలోని సెరెంగెటిలో సింహాల్లో మూడో వంతు ఈ వైరస్‌కే పోయాయి. 2018లో మన గుజరాత్ గిర్ అడవిలో కొద్ది వారాల్లోనే 23 సింహాలు చనిపోయాయి. వాటిలో కొన్నిటిలో డిస్టెంపర్ వైరస్ దొరికింది. కుక్కలకి టీకా వేయడం అడవిలో సింహాన్ని కాపాడే పని కూడా అవుతుంది.

గుర్తుపట్టడం ఎలా? మొదట మామూలు జలుబులా ఉంటుంది. జ్వరం వచ్చి తగ్గి మళ్లీ వస్తుంది. కళ్లలో పుసులు, ముక్కు నుంచి పచ్చగా చిక్కటి స్రావం, దగ్గు, వాంతులు, విరేచనాలు. కొన్నిటికి ముక్కు, పాదాల అడుగు మెత్తలు గట్టిపడిపోతాయి. తగ్గిందనుకున్న కొన్ని వారాలకి నరాల లక్షణాలు రావచ్చు. ఒక కాలు అదే పనిగా కొట్టుకుంటుంది, నోట్లో ఏదో నములుతున్నట్టు దవడ ఆడుతుంది, ఫిట్స్ వస్తాయి. వీధి కుక్క ఇలా వణుకుతూ, చొంగ కారుస్తుంటే మనవాళ్లు పిచ్చికుక్క అని కర్రలు తీస్తారు. అది డిస్టెంపర్ కావచ్చు, రేబీస్ కావచ్చు. చూపుతో తేల్చలేం. దగ్గరికి వెళ్లొద్దు, కొట్టొద్దు, మున్సిపాలిటీకో జంతు సంక్షేమ సంస్థకో ఫోన్ చేయండి.

పీ: 1978లో ఒక్కసారిగా ఊడిపడ్డ జబ్బు

ఇప్పుడు బన్నుగాడి అక్షరానికి వచ్చాం.

పార్వో వయసు ఎంతో తెలుసా? మా నాన్న చిన్నప్పుడు ఈ జబ్బు లేదు. 1978కి ముందు రాసిన పశువైద్య పుస్తకాల్లో దీని పేరే ఉండదు. ఆ ఏడాది అమెరికా, యూరప్, ఆస్ట్రేలియాల్లో దాదాపు ఒకేసారి కుక్కపిల్లలు రక్త విరేచనాలతో, కొన్ని గుండె దెబ్బతిని, చచ్చిపోవడం మొదలైంది. ఒకటి రెండేళ్లలో ప్రపంచమంతా పాకేసింది. తర్వాత పాత ఫ్రీజర్లలో దాచిన కుక్కల రక్త నమూనాలు తీసి చూస్తే, 1970ల మధ్యలోనే యూరప్‌లో దీని జాడ దొరికింది. అంటే నాలుగేళ్లు ఎవరికీ కనబడకుండా తిరిగింది.

ఇది ఎక్కడి నుంచి వచ్చింది? పిల్లులకి పాన్‌ల్యూకోపీనియా అనే జబ్బు ఉంది. ఆ వైరస్‌కి దీనికి చాలా దగ్గరి చుట్టరికం. అలాంటి వైరస్ పైపొరలో కొన్ని చిన్న మార్పులు జరిగాయి. వాటితో కుక్క కణం తలుపు తెరిచే తాళంచెవి దొరికింది. ఈ వైరస్ జన్యు కోడ్ మొత్తం సుమారు 5,000 అక్షరాలు. మీరు చదువుతున్న ఈ ట్రాన్స్‌క్రిప్ట్ దానికంటే పెద్దది. అంత చిన్న కోడ్‌లో కొద్ది అక్షరాలు మారితే ప్రపంచంలో కుక్కలన్నిటికీ ముప్పు వచ్చింది. కోడ్‌లో ఒక్క క్యారెక్టర్ తప్పుకి రాత్రంతా మేలుకున్న ఎవరికైనా ఈ విషయం బాగా అర్థమవుతుంది.

అమెరికాలో కార్నెల్ యూనివర్సిటీకి చెందిన లెలాండ్ కార్మైకేల్, మ్యాక్స్ ఆపెల్ వెంటనే టీకా పనిలో పడ్డారు. అది వచ్చేలోపు డాక్టర్లు పిల్లుల టీకానే కుక్కలకి వేశారు. చుట్టరికం ఉంది కాబట్టి కొంత పనిచేసింది. జబ్బు బయటపడిన మూడేళ్లలోపే కుక్కలకి సొంత టీకా వచ్చేసింది. డిస్టెంపర్‌కి జెన్నర్ నుంచి టీకా దాకా 120 ఏళ్లు పట్టిందని గుర్తుంచుకుంటే, ఇదెంత వేగమో తెలుస్తుంది.

మరి టీకా ఉండి, నేను ఒకటి వేయించి కూడా, బన్నుగాడు ఎందుకు పోయాడు?

కుక్కపిల్ల పుట్టగానే తాగే మొదటి పాలలో, అదే ముర్రుపాలలో, తల్లి ఇచ్చే రక్షణ ఉంటుంది. ఆ రక్షణ వారాలు గడిచేకొద్దీ తగ్గిపోతుంది. అది బలంగా ఉన్నన్నాళ్లు, మనం వేసిన టీకాని కూడా శత్రువే అనుకుని కొట్టేస్తుంది. తగ్గుతున్నప్పుడు మధ్యలో ఒక గడ్డు కాలం వస్తుంది. టీకాని అడ్డుకునేంత ఉంటుంది, అసలు వైరస్‌ని ఆపేంత ఉండదు. ఆ గడ్డు కాలం ఏ పిల్లకి ఎప్పుడొస్తుందో బయటికి తెలీదు. అందుకే ఆరు నుంచి ఎనిమిది వారాల మధ్య మొదలుపెట్టి, మూడు నాలుగు వారాలకోసారి, 16 వారాలు నిండేదాకా వేస్తారు. ఏడాదికి బూస్టర్. అవి డాక్టర్ డబ్బుల కోసం రాసే డోసులు కావు. గురి తగిలిందో లేదో తెలీని చోట నాలుగు బాణాలు వేయడం. నేను ఒక్క బాణం వేసి ఎగ్జామ్స్‌కి వెళ్లిపోయాను.

రెండో తప్పు ఇంకా ఘోరమైంది. బన్నుగాడు పోయాక ఇల్లంతా ఫినాయిల్‌తో కడిగాం. రెండు నెలల తర్వాత బాధ తట్టుకోలేక ఇంకో పిల్లని తెచ్చాను. పేరు చెర్రీ. అదే వరండా, వాడు పడుకున్న అదే గోనెసంచి. ఐదో రోజు సాయంత్రం చెర్రీ గుడ్డు వాసన చూసి మొహం తిప్పేసింది. ఒక మూల ముడుచుకుని కూర్చుంది. ఒక్కసారి కక్కింది.

ఏం జరిగిందో చెప్తాను. కరోనా టైమ్‌లో సబ్బుతో చేతులు కడుక్కోమని ఎందుకు చెప్పారు? కరోనా వైరస్ చుట్టూ కొవ్వు పొర ఉంటుంది. సబ్బు ఆ కొవ్వుని కరిగిస్తే వైరస్ విడిపోతుంది. డిస్టెంపర్‌కీ అలాంటి పొరే ఉంది, ఎండకి, సబ్బుకి తొందరగా చస్తుంది. పార్వోకి ఆ పొర లేదు. సబ్బు, శానిటైజర్, మామూలు ఫినాయిల్ దాన్ని ఏమీ చేయలేవు. నేల మీద, గోనెసంచిలో, చెప్పుల అడుగున నెలల తరబడి బతుకుతుంది. దానికి పనికొచ్చేది బ్లీచ్. ముందు మురికి మొత్తం కడిగి, ఒక వంతు బ్లీచ్ ద్రావణానికి ముప్పై వంతుల నీళ్లు కలిపి, పది నిమిషాలు తడిగా ఉంచాలి. బట్టలు, సంచులు తీసి పారేయాలి. మట్టి నేలని పూర్తిగా శుభ్రం చేయడం కుదరదు. అందుకే అలాంటి ఇంటికి టీకాలు పూర్తికాని పిల్లని తేకూడదు. తెస్తే అన్ని డోసులూ పూర్తయిన పెద్ద కుక్కనే తేవాలి.

గుర్తుపట్టడం ఎలా? మొదట తిండి మానేస్తుంది, నీరసం. తర్వాత వాంతులు. తర్వాత నీళ్ల విరేచనాలు, వాటిలో రక్తం, భరించలేని వాసన. నేను బన్నుగాడి విషయంలో రక్తం కనిపించేదాకా ఆగాను. అప్పటికే ఒంట్లో నీళ్లు అయిపోయాయి. వైరస్‌ని చంపే మాత్ర అంటూ ఏమీ లేదు. పిల్ల శరీరం దాన్ని గెలిచేదాకా సెలైన్‌తో, వాంతులు ఆగే మందుతో, వేరే ఇన్‌ఫెక్షన్ రాకుండా యాంటీబయాటిక్‌తో నిలబెట్టడమే వైద్యం. వైద్యం లేకపోతే ఎక్కువ పిల్లలు చనిపోతాయి. టైమ్‌కి అందితే ఎక్కువ పిల్లలు బతుకుతాయి. తేడా అంతా ఆ మొదటి రోజులోనే ఉంది. పిల్ల ఒక పూట తిండి మానేసి, ఒకసారి కక్కిందంటే ఫోన్ చేయండి. మజ్జిగ పట్టి రేపు చూద్దాం అనొద్దు.

ఎల్, హెచ్: రెండు ముక్కల్లో

ఎల్ అంటే లెప్టో. 1898లో జర్మనీలోని స్టుట్‌గార్ట్‌లో ఒక డాగ్ షో తర్వాత కుక్కలు జబ్బుపడ్డాయి. అందుకే దీన్ని చాలాకాలం స్టుట్‌గార్ట్ జబ్బు అన్నారు. ఎలుకల మూత్రం కలిసిన వాననీళ్ల ద్వారా వస్తుంది. జ్వరం, ఒళ్లు నొప్పులు, వాంతులు, చిగుళ్లు, కళ్లు పచ్చబడటం, మూత్రం తేడా. ఇది మనుషులకీ వస్తుంది. మన దగ్గర వర్షాకాలంలో పొలాల్లో చెప్పుల్లేకుండా దిగినవాళ్లకి వచ్చేది ఇదే. జబ్బు కుక్క మూత్రం కడిగేటప్పుడు గ్లవ్స్ తప్పనిసరి.

హెచ్ అంటే కుక్కల హెపటైటిస్. 1947లో స్వీడన్‌కి చెందిన రూబార్త్ దీన్ని వివరంగా రాశాడు. కోలుకుంటున్న కుక్క కన్ను నీలంగా మసకబారడం దీని గుర్తు. టీకా వల్ల ఇప్పుడు బాగా తగ్గింది.

స్టిక్కర్ మీద లేనిది: పిడుదుల జ్వరం

పుస్తకంలో లేని జబ్బు ఒకటుంది, మన ఊళ్లల్లో బాగా కనిపించేది. టిక్ ఫీవర్. పిడుదులు, కొన్నిచోట్ల గోమార్లు అంటారు, అవి కుట్టడం వల్ల వస్తుంది. దీనికి కారణమైన ఎర్లిషియా క్రిమిని 1935లో అల్జీరియాలో కనిపెట్టారు. తర్వాత ముప్పై ఏళ్లు ఎవరూ పెద్దగా పట్టించుకోలేదు. వియత్నాం యుద్ధంలో అమెరికా సైన్యం జర్మన్ షెపర్డ్ కుక్కల్ని తీసుకెళ్లింది. 1960ల చివర్లో అవి ముక్కుల నుంచి రక్తం కారుతూ వందకు పైగా చచ్చిపోయాయి. అప్పుడు ప్రపంచం మేలుకుంది. పనిచేసిన మందు టెట్రాసైక్లిన్.

ఇక్కడ మన లింక్ ఉంది. టెట్రాసైక్లిన్ కుటుంబంలో మొదటి మందు ఆరియోమైసిన్, 1948లో లెడర్లే కంపెనీ నుంచి వచ్చింది. కనిపెట్టినవాడు బెంజమిన్ డగ్గర్. ఆయన పనిచేసిన లెడర్లే పరిశోధన విభాగానికి డైరెక్టర్ మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు. ఇవాళ మీ కుక్కకి టిక్ ఫీవర్ అని డాక్టర్ డాక్సీసైక్లిన్ రాస్తే, అది కూడా ఆ కుటుంబంలోదే.

గుర్తులు ఇవి: జ్వరం, తిండి తగ్గడం, చిగుళ్లు పాలిపోయి తెల్లబడటం, పొట్ట మీద ఎర్రటి చుక్కలు, ముక్కు నుంచి రక్తం. వారానికోసారి చెవుల లోపల, వేళ్ల మధ్య చెయ్యి పెట్టి చూడండి. పిడుదులు దాక్కునేది అక్కడే. మందు మాత్రం డాక్టర్ బరువు చూసి రాయాలి, సొంతంగా వేయొద్దు.

ఆర్: 3,800 ఏళ్ల పాత కేసు

చివరి అక్షరం అన్నిటికంటే పాతది. ఇరాక్‌లో బాగ్దాద్ దగ్గర ఎష్నున్నా రాజ్యం చట్టాలు రాసిన మట్టి పలకలు దొరికాయి. సుమారు 3,800 ఏళ్ల నాటివి. అందులో ఒక చట్టం ఇలా సాగుతుంది: కుక్కకి పిచ్చెక్కిందని అధికారులు యజమానికి చెప్పినా అతను కట్టేయకుండా వదిలేసి, అది కరిచి మనిషి చనిపోతే, యజమాని 40 షెకెల్‌ల వెండి కట్టాలి. ఇప్పటి లెక్కలో మూడో వంతు కిలో దాకా. మన సుశ్రుత సంహితలో కూడా, కరిచిన మనిషికి నీళ్లంటే భయం పుడితే ఇక బతకడని ఉంది. దానికి వాళ్లు పెట్టిన పేరు జలత్రాస.

1885 జులై 6న పారిస్‌లో లూయీ పాశ్చర్ తన టీకాని జోసెఫ్ మైస్టర్ అనే తొమ్మిదేళ్ల పిల్లాడికి వేయించాడు. పిల్లాడు బతికాడు. పాశ్చర్ చనిపోయిన సెప్టెంబర్ 28నే ఇవాళ ప్రపంచ రేబీస్ దినంగా జరుపుతున్నారు. మన దేశంలో 1900లో కసౌలీలో, 1907లో కూనూర్‌లో పాశ్చర్ ఇన్‌స్టిట్యూట్‌లు వచ్చాయి. 1911లో కసౌలీలో డేవిడ్ సెంపుల్ గొర్రె మెదడు నుంచి ఒక టీకా తయారుచేశాడు. బొడ్డు చుట్టూ పద్నాలుగు ఇంజెక్షన్లు అని మన పెద్దవాళ్లు భయంగా చెప్పుకునేది ఆ టీకా గురించే. మా నాన్న కూడా చిన్నప్పుడు వేయించుకున్నారు, ఇప్పటికీ ఆ మాట వస్తే పొట్ట మీద చెయ్యి వేసుకుంటారు. అది 2005 నాటికి మన దేశంలో ఆగిపోయింది. ఇప్పుడు చేతికి నాలుగైదు ఇంజెక్షన్లు, అంతే. హైదరాబాద్‌లో మొదలైన ఇండియన్ ఇమ్యునోలాజికల్స్ మనుషులకీ, కుక్కలకీ రేబీస్ టీకాలు తయారుచేస్తోంది.

మందు మన ఊళ్లోనే తయారవుతున్నా, రేబీస్‌తో ప్రపంచంలో ఏటా 59,000 మంది చనిపోతున్నారని అంచనా. వాళ్లలో మన దేశం వాళ్లే చాలా ఎక్కువ. కారణం చాలాసార్లు మందు లేకపోవడం కాదు, చిన్న గీతే కదా అనుకోవడం.

కుక్కలో దీన్ని గుర్తుపట్టేటప్పుడు మూడు విషయాలు గుర్తుంచుకోండి. ఒకటి, నీళ్లంటే భయం మనుషుల లక్షణం. కుక్క నీళ్లు తాగింది కాబట్టి రేబీస్ లేదు అనుకోవద్దు. రెండు, అన్నీ మీద పడి కరవవు. కొన్ని చీకటి మూలల్లో నక్కి, దవడ జారిపోయి, మింగలేక చొంగ కారుస్తాయి. గొంతులో బొమిక ఇరుక్కుందేమో అని చెయ్యి పెట్టేవాళ్లు ఉంటారు. పెట్టకండి. మూడు, ఉన్నట్టుండి స్వభావం మారుతుంది. ముద్దు చేసేది దూరం పోతుంది, దూరంగా ఉండేది మీదకొస్తుంది. అరుపు కూడా బొంగురుపోతుంది.

కరిస్తే, గీరితే, పుండు మీద నాకితే, సబ్బు పెట్టి పారే నీళ్ల కింద 15 నిమిషాలు కడగండి. రేబీస్ వైరస్‌కి కొవ్వు పొర ఉంది, సబ్బు దానికి పనిచేస్తుంది. కారం, సున్నం, పసరు వద్దు. అదే రోజు టీకాకి వెళ్లండి. లోతు గాయమైతే గాయం దగ్గర వేసే ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా కావాలి. కుక్కని పది రోజులు గమనించండి, కానీ టీకాని మాత్రం పది రోజులు ఆపకండి. లక్షణాలు మొదలయ్యాక దాదాపు ఎవరూ బతకరు. మట్టి పలకల కాలం నుంచి ఆ ఒక్క విషయం మారలేదు.

చివరిగా

పోస్ట్‌మార్టమ్ డాక్యుమెంట్‌లో ఆఖరున తప్పు ఎవరిదని రాయం, ఇకనుంచి ఏం చేయాలో రాస్తాం. నేను రాసేది ఇది. వ్యాక్సిన్ బుక్‌లో తర్వాతి డేట్ చూసి, ఫోన్‌లో రిమైండర్ పెట్టుకోండి. ఎగ్జామ్స్ ఉన్నా, ఆన్‌సైట్ కాల్ ఉన్నా వెళ్లండి. 16 వారాలు నిండేదాకా పిల్లని రోడ్డు మీద, వేరే కుక్కలు తిరిగే చోట దించకండి. మీ దగ్గర్లో ఉన్న పశువుల డాక్టర్ నంబర్, రాత్రిపూట దొరికే నంబర్ ఇప్పుడే సేవ్ చేసుకోండి.

చెర్రీ సంగతి చెప్పలేదు కదూ. ఆ సాయంత్రం ఒక్కసారి కక్కగానే, పదిహేను నిమిషాల్లో దాన్ని తువ్వాలులో చుట్టి బండి మీద పెట్టుకున్నాం. డాక్టర్ గారు మళ్లీ అదే ప్రశ్న అడిగారు. "వాంతులు ఎప్పట్నుంచి బాబూ?"

"అరగంట నుంచి సార్."

ఆరు రోజులు సెలైన్ ఎక్కింది. ఏడో రోజు పెరుగన్నం నాలుగు మెతుకులు నాకింది. అమ్మ ఏడ్చింది.

ఇప్పుడు దానికి ఏడేళ్లు దాటాయి. ఈ వీడియో తీస్తుంటే మధ్యలో అరిచింది వినబడే ఉంటుంది, ఎడిట్‌లో తీసేయలేదు. దాని వ్యాక్సిన్ బుక్ నిండిపోయి రెండోది మొదలైంది. బన్నుగాడి పుస్తకం మాత్రం నా టేబుల్ సొరుగులో ఉంది, ఖాళీ పేజీలతో.

మీ ఇంట్లో ఉన్న పుస్తకం ఒకసారి తీసి చూడండి. ఎక్కడైనా డేట్ దాటిపోయి ఉంటే, ఈ వీడియో లైక్ చేయడం తర్వాత, ముందు ఫోన్ చేయండి. ఇంకో ఎపిసోడ్‌లో కలుద్దాం. ఉంటాను.